ధవళేశ్వరంలో పాత పనిముట్ల పెట్టె

మా భీమవరం కాలవలో పడవ ఒరిగి నా పనిముట్ల పెట్టె మునిగిపోయింది. ఎంత వెతికినా చేతికి బురదే తగిలింది. ఉలి లేని వడ్రంగిని ఎవరు పిలుస్తారు? మా ఆవిడ అప్పటికే కూలికి పోతానంటోంది. మద్రాసు నుంచి వచ్చే కొత్త సీమ సామాను కొనడం నా వల్ల అయ్యేది కాదు. ధవళేశ్వరంలో, ఆనకట్ట కార్ఖానాలో పనిచేసి చనిపోయిన ఒక వడ్రంగి సామాను అమ్ముతున్నారని తెలిసి, ఉన్నదంతా మూటగట్టుకుని బయలుదేరాను.

గురువారం సాయంత్రం పడవెక్కాను. మనిషికి ఆరణాలు, అన్నం మూట మనదే. గట్టు మీద మనుషులు తాడుతో లాగే పడవ అది. మామూలుగా మర్నాడు పొద్దుగూకేలోగా చేరాలి. లాకుల దగ్గర ధాన్యం పడవలు బారులు తీరి ఉండడం చూసి, పడవ నడిపే సరంగు దగ్గరికి వెళ్ళాను.

"సరంగుగారూ, ఈవేళ చేరతామాండీ?"

"మీరు కంగారుపడితే కాలవ పొట్టిదైపోద్దేంటండీ?" అన్నాడాయన.

విజ్జేశ్వరంలో దిగి, రేవు పడవలో గోదావరి దాటేసరికి శనివారం పొద్దువాలింది.

ఆ వడ్రంగి భార్య ముసలావిడ, ఒంటరిది. పెట్టె మూత తీసి చూపించింది. బాడిస, చిత్రికలు, ఉలులు అన్నీ ఆముదం రాసి గుడ్డల్లో చుట్టి ఉన్నాయి. చిత్రిక పట్టుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది. డబ్బు మూట విప్పబోయాను.

"ఆగండాగండి! శనివారం ఇనుము బేరమా? ఇంకేమైనా ఉందాండీ? రేపు పొద్దున్నే రండి."

"రేపు ఆదివారమండి. మేం క్రైస్తవులం. ఆ రోజు కొనడం, అమ్మడం చెయ్యం."

"బాగానే ఉంది వరస! రేపు పాత ఇనుమువాడు వస్తానన్నాడండి. కొలిమిలో పడేసి కొడవళ్ళు చేయిస్తాడంట. నా తిండిగింజలు ఈ పెట్టె మీదే ఉన్నాయి. నేనేం మాటివ్వలేనండి."

శనివారం అమ్మనన్న ఆవిడ మాటకి సరేనని, మా మతం వాళ్ళింటి అరుగు మీద పడుకున్నాను. ఆదివారం ఆరాధనలో పాదిరిగారు చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కళ్ళు మూసుకుంటే కొలిమి మంటే కనిపించింది. చివరి పాట కాకుండానే లేచాను. దేవుడు క్షమిస్తాడులే, ముందు పెట్టె దక్కాలి అనుకుంటూ పరుగెత్తాను.

వాకిట్లో ఇనుమువాడి బండి ఉంది. లోపల ముసలావిడ పెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మేశానని చెప్పాను కదయ్యా! పోవయ్యా!" అని వాణ్ణి కసురుతోంది.

వాడు బండి తోలుకుపోయాక నేను గబగబా డబ్బు తీసి ముందు పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు.

"తియ్యండి. నిన్న మీరు నా మాట కాదన్లేదు. ఈవేళ మీ నియమం నేను తప్పిస్తానాండీ? రేపొచ్చి ఇవ్వండి."

సోమవారం డబ్బిచ్చి పెట్టె తెచ్చుకున్నాను. ఈ దారిన పాత పనిముట్ల కోసం వెళ్ళేవాళ్ళు బుధవారమే పడవెక్కండి; లాకుల దగ్గర ఆలస్యమైనా శనివారం మీద పడదు. ఇప్పుడు ఆ బాడిసతోనే నా ఇల్లు గడుస్తోంది. కానీ ఆ ఆదివారం ఉదయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, కళ్ళు చెమరుస్తాయి. నా ఆదివారాన్ని నేను వదిలేసి పరుగెత్తితే, దాన్ని నాకోసం కాపాడింది నా దేవుణ్ణి ఎరగని ఆ ముసలావిడ.