ఆశీర్వాదం మాస్టారి ఫ్రాన్సు పాఠం

గుణుపురంలో ఆశీర్వాదం మాస్టారు చరిత్ర చెబుతుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా కునికేవారు కాదు. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, మొండితనం అంతకన్నా పెద్దది. ఫ్రాన్సులో 1877లో జరిగిన ఎన్నిక పాఠమంటే ఆయనకు ప్రాణం. అధ్యక్షుడు తనకు గిట్టని సభను రద్దు చేశాడు. తన మనుషుల కోసం పనిచేయని ఉద్యోగులను పీకేశాడు. అయినా జనం పాతవాళ్ళనే గెలిపించారు, ఆయన తల వంచక తప్పలేదు. మాస్టారు అక్కడితో ఆపి బోర్డు తుడిచేసేవారు.

యాభై రెండులో మన ఎన్నికలూ వచ్చాయి. బడి కమిటీ పెద్దగారి బావమరిది నిలబడ్డాడు. పంతుళ్ళంతా ఇల్లిల్లూ తిరిగి ఆయన గుర్తున్న పెట్టెలో ఓట్లు వేయించాలని హుకుం. ఊరుకున్నంత ఉత్తమం లేదని తోటి పంతుళ్ళు నచ్చజెప్పారు. వింటేగా!

"పిల్లలకొకటి చెప్పి, వాళ్ళ తండ్రులకి ఇంకోటి చెప్పలేనండీ," అన్నారు మాస్టారు.

వారం తిరక్కుండా ఉద్యోగం ఊడింది. ఆ కుర్చీలో గౌరీశ్వరిని కూర్చోబెట్టారు. మాస్టారి దగ్గర చదువుకున్న పిల్లే. చిన్న వయసులోనే భర్త పోయాడు, ఇంట్లో మంచం పట్టిన తల్లి. పాపం, చెప్పిన గుమ్మమల్లా ఎక్కి ఓట్లడిగింది.

మాస్టారు భార్య సారమ్మతో మునిగుడ అనే ఊరు చేరి, ఒక షావుకారు దగ్గర చింతపండు తూకం చూసే పనిలో కుదిరారు. చేతులు తూకం మీద, మనసు బడిలో. ఆ బావమరిది ఓడితే తనను మళ్ళీ పిలుస్తారని ఒకటే ఆశ.

ఓడాడు. కమిటీ చేతులు మారింది. గెలిచినవాళ్ళ మనిషి గణపతిరావు రైలు దిగి వచ్చాడు.

"మాస్టారూ, సోమవారం వొచ్చి సేరిపోండి. ఆ అమ్మిని తీసేస్తన్నాం."

"ఎందుకయ్యా? పాఠం చెప్పడం రాదా?"

"సెప్తాది. ఆళ్ళ తరఫున తిరిగింది కదా మరి!"

సారమ్మ గుమ్మంలో నిలబడి మొగుడి నోటివైపే చూస్తోంది. మనసులో సామాను సర్దేసుకుంది కూడా. ఫ్రాన్సులోనూ గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ ఎన్నికలు కొన్ని రద్దు చేశారు, వాళ్ళ ఉద్యోగులను వెళ్ళగొట్టారు. ఆ సంగతి మాస్టారు ఎరుగును. రుచించక పిల్లలకెప్పుడూ చెప్పలేదు.

"ఆ పిల్లను తీసేసి పిలిస్తే నేను రానయ్యా," అన్నారు.

ఆ పూట సారమ్మ అన్నం ముట్టలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గౌరీశ్వరి మునిగుడ వచ్చింది. ఆమెనూ తీసేశారు. ఆ కుర్చీ గణపతిరావు తమ్ముడికి దక్కింది. అతగాడు పుస్తకం చూసి కూడా తిన్నగా చదవలేడట.

"నీ కోసమే నేను చేరలేదమ్మా," అన్నారు మాస్టారు.

"తెలుసు మాస్టారూ. నన్నెలాగూ ఉండనివ్వరు. మీరు సేరిపోవలసింది. పిల్లలకి మీరైనా మిగులుదురు."

అరవై ఒకటిలో కన్నుమూసేదాకా మాస్టారు ఆ తూకం దగ్గరే ఉన్నారు.