జైతున్‌బీ ఏరిన పుస్తకాలు

వేసవి సెలవుల్లో పిల్లల చేతికి పుస్తకం ఇవ్వడమూ, పరగడుపున ఆముదం పట్టించడమూ మా తాతయ్య దృష్టిలో ఒకటే. రెండూ పిల్లలకు ఇష్టం ఉండకూడదు. రెండింటికీ పెద్దవాళ్ళు దగ్గరుండి ముక్కు మూయాలి.

తాతయ్య పేరు రాఘవులు. మా ఊరి గ్రంథాలయానికి ఆయనే అధ్యక్షుడు. గ్రంథాలయమంటే ఒక గది, రెండు బీరువాలు, ఒక బల్ల, మగవాళ్ళు కూర్చుని పేపరు చదివే అరుగు. ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసి లేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. బీరువాల తాళంచెవులు తాతయ్య మొలతాడుకు వేలాడుతుండేవి. ఏటా ఏప్రిల్ నెలాఖరుకి ఆయన పిల్లలకు తగిన పుస్తకాలంటూ కొన్ని ఏరి బల్ల మీద పేర్పించేవాడు. ఏటా జూన్‌లో అవి దుమ్ముతో సహా మళ్ళీ బీరువాలోకి వెళ్ళేవి. పిల్లలు చెడిపోయారని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించేది.

ఆ బల్ల మీద అన్నిటికన్నా పైన ఉండేది తాతయ్య సొంతంగా రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న పుస్తకం. దాని పేరు 'నూటెనిమిది మెట్ల సన్మార్గం'. మొదటి మెట్టు: 'ఉదయమున త్వరగా లేచువాడు వృద్ధికి వచ్చును. లేవనివాడు రాడు.' మిగతా నూట ఏడూ ఇంచుమించు అంతే. మా అటక మీద నాలుగు వందల ప్రతులు మిగిలిపోతే, మా ఇంటి పిల్లి మూడు ఈతలు వాటి మీదే ఈనింది.

ఇది ఆయన కథ కాదు. ఆయన పుస్తకాన్ని తాలులో కలిపిన జైతున్‌బీ కథ.

జైతున్‌బీ పొన్నూరు దగ్గర వరిచేల మధ్య పుట్టింది. మూడో తరగతిలో ఉండగా మాస్టారికి బదిలీ అయింది, కొత్త మాస్టారు రాలేదు, దాంతో ఆమె చదువు పూర్తయింది. పదమూడేళ్ళకు పెళ్ళయి మా ఊరు వచ్చింది. భర్త బుడే పరుపులకు దూది ఏకేవాడు. నోట్లోంచి మాట వచ్చేది కాదు. దూది కొట్టే విల్లు టంగు టంగుమంటుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు లెక్క. దూది ఏకే మరలు వచ్చాక ఆ విల్లుకు పని తగ్గిపోయింది. అప్పటినుంచి ఇల్లు జైతున్‌బీ చేతుల మీద నడిచింది.

అవి మామూలు చేతులు కావు. మా మిరప కల్లంలో ఇరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు ఏరేవాళ్ళు. ఎర్రగా నిగనిగలాడేది మంచికాయ. రంగు పోయి తెల్లబడింది తాలు. మంచికాయ ఈ పక్క, తాలు ఆ పక్క. వాళ్ళందరికీ మేస్త్రి జైతున్‌బీ. తాను కూడా ఏరుతూనే, ఒకరిని తిడుతూ, ఇంకొకరి కాపురం చక్కదిద్దుతూ, మూడో ఆమెకు కషాయం చెప్పేది. ఈ మూడు పనుల్లో ఎక్కడా ఆమె చెయ్యి ఆగేది కాదు. పెళ్ళి పందిట్లో కూర్చున్నా వేళ్ళు ఒళ్ళో ఏదో ఏరుతున్నట్టు కదులుతుంటాయని మా నాయనమ్మ మాణిక్యమ్మ నవ్వేది.

యాభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో గుంటూరులో ఒక వకీలుగారు పోయారు. వాళ్ళింటివాళ్ళు ఆయన పుస్తకాలను మా గ్రంథాలయానికి ఇస్తామన్నారు. మా బండి తోలే పానకాలు మిరపకాయలు గుంటూరులో దింపి, వస్తూ వస్తూ పుస్తకాలు వేసుకురావాలి. పానకాలు తెలివైనవాడు. పుస్తకాలు ఎండకు పాడవకుండా, ఖాళీ అయిన మిరప గోతాల్లోనే కుక్కి మూతులు కుట్టి తెచ్చాడు.

గ్రంథాలయం ముందు కమిటీవాళ్ళు కుర్చీల్లో కూర్చోగా తాతయ్య మొదటి గోతం విప్పాడు. వకీలుగారి దాతృత్వం గురించి నాలుగు మాటలు చెబుదామని పుస్తకం తెరిచి ముఖం దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళలోంచి ధారలు. ఎంత అభిమానమో పాపం అనుకుని పానకాలు కూడా తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ తర్వాత తాతయ్య పదకొండు సార్లు తుమ్మాడు. కమిటీ యావత్తూ తుమ్మింది. పది నిమిషాల్లో మా ఊరి విజ్ఞానవంతులంతా బావి దగ్గర ముఖాలు కడుక్కుంటున్నారు.

ఆ ఘాటు ముట్టుకోగలిగినవాళ్ళు ఊళ్ళో ఒక్క చోటే ఉన్నారు. గోతాలు కల్లానికి చేరాయి.

"జైతూనా, ఈ పుస్తకాలు ఎండలో దులిపించి వేరు చేయించు" అన్నాడు తాతయ్య, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని. "పిల్లలు చదవదగ్గ మంచివి ఒక గోతంలో, తాలంతా ఒక గోతంలో. మా సామ్రాజ్యం పేర్లు రాసుకుంటది. నా పుస్తకం కూడా నలభై పంపిస్తున్నా, కలుపు."

"పిల్లలంటే ఏ మాత్రం పిల్లలండీ?"

"ఫస్టు ఫారం నించి ఎస్సెల్సీ దాకా."

"అట్టాగేనండి" అంది జైతున్‌బీ.

సామ్రాజ్యం అంటే నేనే. అప్పుడు థర్డు ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, పరీక్ష రాసి ఖాళీగా ఉన్నాను. మంచివేవో తాలేదో చూడగానే తెలుస్తుందని తాతయ్య నమ్మకం. అట్ట మీద దేవుడో గాంధీగారో ఉంటే మంచిది, ఆడమనిషో పిస్తోలో ఉంటే తాలు. జైతున్‌బీ మాత్రం అట్టలు చూడలేదు. "కాయ తొడిమ చూసి కొంటామా? చదువమ్మాయ్, మొదటి పేజీ" అంది.

నేను చదివాను. ఆడవాళ్ళు ఏరుతున్నారు. జైతున్‌బీ నా వంక చూడటం లేదు, వరసగా వాళ్ళ చేతుల్నే చూస్తోంది. పేజీ అయిపోయింది. చేతులు ఆగలేదు. "తాలు" అంది. ఇంకోటి చదివాను. ఒక రాజుగారు గుర్రం ఎక్కి అడవిలో దారి తప్పాడు. వరసలో పడుచుపిల్ల లాల్‌బీ చెయ్యి గాల్లో ఆగింది. దాని పక్కన ఇంకో రెండు చేతులు ఆగాయి. "మంచికాయ. వెయ్యి" అంది.

పద్ధతి అంతే. చేతులు కదులుతుంటే తాలు, ఆగితే మంచిది. ఎస్సెల్సీ పిల్లలకు వేరే పరీక్ష ఉండేది. లాల్‌బీ వయసువాళ్ళు పమిట నోటికి అడ్డం పెట్టుకోవాలి, ముసలి పున్నమ్మ "ఛీ, పాడు" అనాలి, అంటూ పున్నమ్మ చెయ్యి కూడా ఆగాలి. అలాంటి పుస్తకాన్ని గోతంలో కొంచెం అడుక్కి తొయ్యమనేది జైతున్‌బీ. వెతుక్కుని తీసుకునేవాడే చదువుతాడని ఆమె వాదన.

తాతయ్య పుస్తకం చదివాను. చేతులు ఆగకపోగా జోరందుకున్నాయి. జైతున్‌బీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నలభై ప్రతులూ తాలు గోతంలోకి వెళ్ళాయి. నా చేత్తోనే వేశాను. ఇంత సంతోషంగా ఆ పుస్తకాన్ని నేను ఎప్పుడూ పట్టుకోలేదు.

ఈ పద్ధతిలో ఒకటే చిక్కు. పుస్తకం ఎంత మంచిదైతే కాయ అంత మిగిలిపోతుంది. అట్ట ఊడిపోయి పేరు తెలియని పుస్తకమొకటి తగిలింది. ఒక దొంగనీ వాడిని పట్టుకున్న జవానునీ ఒకే సంకెలతో కట్టి పడవలో తీసుకుపోతుంటే పడవ మునిగిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే చెక్క దొరుకుతుంది. ఆ పూట కల్లంలో ఒక్క కాయ కదిలితే ఒట్టు. సరిగ్గా అప్పుడే తాతయ్య వచ్చాడు.

ఏరని కాయ కొండలా ఉంది. ఇరవైమంది ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. తాలు గోతంలోంచి తన పేరు తనకే కనిపిస్తోంది.

"ఇదెవరేశారు ఇందులో?"

"నేనేనండి" అంది జైతున్‌బీ. "చేతులు ఆగలేదండి."

సంగతి విని తాతయ్య మండిపడ్డాడు. చిన్నపిల్ల చదివితే అట్లాగే ఉంటుంది, చదవాల్సినట్టు చదివితే రాళ్ళు కూడా కరుగుతాయని చెప్పి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బల్ల మీద నిలబడి ముందుమాటతో సహా తానే చదివాడు. 'పెద్దలు మాట్లాడునప్పుడు పిన్నలు మాట్లాడరాదు. పిన్నలు మాట్లాడునప్పుడు కూడ పెద్దలే మాట్లాడవలెను.' చేతులు యంత్రాల్లా ఆడాయి. ముప్ఫయ్యో మెట్టుకు సగం కొండ కరిగింది. అరవయ్యో మెట్టుకు నేల కనిపించింది. మూడు రోజుల పని ఒక్క పూటలో తెమిలిపోయింది.

తాతయ్య చెమట తుడుచుకున్నాడు. జైతున్‌బీ లేచి నిలబడి మనస్ఫూర్తిగానే అంది: "అయ్యగారూ, ఈ పుస్తకం మాకు రోజూ చదవండి. పని ఎట్టా తెముల్తందో చూశారా!"

పున్నమ్మ కిసుక్కుమంది. ఆ తర్వాత కల్లం మొత్తం నవ్వింది. తాతయ్య ముఖం మంచికాయ రంగుకు తిరిగింది.

"రేపటినించి నువ్వు నా కల్లంలో కాలు పెట్టొద్దు" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఆమెకు మేస్త్రీగిరీ పోతే ఇల్లు ఎలా గడుస్తుందో అందరికీ తెలుసు. పుస్తకం తాలులో వేసింది నా చేతులే అయినా నేను నోరెత్తలేదు. ఆ సిగ్గు నాకు ఈనాటికీ ఉంది. జైతున్‌బీ చెంగు దులుపుకుని, అట్టలేని పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"ఇది సగంలో ఉందండి. అయిపోంగానే పంపిస్తా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పానకాలు కొత్త కాయ తెచ్చి కల్లంలో ఆరబోశాడు. ఏరడానికి ఒక్కరూ రాలేదు. వాళ్ళేమీ కక్షగట్టలేదు. తెల్లారుజామున ఇంటింటికీ పోయి తిట్టి లేపే మనిషి లేదు, అంతే. మధ్యాహ్నానికి పడమట మబ్బు లేచింది. ఎండిన మిరపకాయ మీద వాన పడితే తాలు కావడానికి ఎంతోసేపు పట్టదు.

తాతయ్య వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మీ పుస్తకం చదవండి, మబ్బులన్నా పారిపోతయ్" అంది నాయనమ్మ.

ఆయన చెప్పులు వేసుకున్నాడు. నేను వెంట నడిచాను.

బుడే వసారాలో దూది ఏకుతున్నాడు. విల్లు టంగుటంగుమంటోంది. లోపల పందిరి కింద నులకమంచం మీద జైతున్‌బీ కూర్చుని, పెదవులు కదుపుతూ అక్షరాల కింద వేలు పెట్టి చదువుతోంది. వేలు ఒక మాట దగ్గర నిలబడిపోయి ఉంది. కారం పట్టి గోళ్ళు ఎర్రబడ్డ ఆ చేతులు కల్లం బయట కదలకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. తాతయ్య కూడా చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు గానీ కేక వెయ్యలేదు.

"జైతూనా, మబ్బు పట్టింది. నీ వాళ్ళని తీసుకుని రా."

"వస్తానండి. ఈ అధ్యాయం అయిపోను రెండు పేజీలున్నయ్యి. ఆ దొంగ జవాన్ని వదిలేస్తాడో ఏమో..."

ఆయన గడప మీద చతికిలపడ్డాడు. అడిగాడు: "నా పుస్తకానికి ఒక్క చెయ్యి కూడా ఆగలేదా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మేస్త్రీగిరీ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. జైతున్‌బీ మాత్రం గుర్తు చేసుకుని నిజమే చెప్పింది.

"ఒక్క చోట ఆగినయ్యండి. ముందుమాటలో. చిన్నప్పుడు మీరు కతల పుస్తకం చదువుతా గేదెల్ని వదిలేస్తే, అవి పక్కోళ్ళ పత్తి చేను మేసినయ్యని రాశారే, అక్కడ ఇరవైమందికీ ఆగినయ్యి. నాకూ ఆగింది. ఆ తర్వాత మీరు, అది తప్పు, ఎవరూ అట్టా చెయ్యొద్దన్నారు. మళ్ళీ కదిలినయ్యి."

"మా నాయన పలుపుతో కొట్టాడు" అన్నాడు తాతయ్య. "ఆ కత ఏమైందో నాకు తెలవనే లేదు. పుస్తకం పొయ్యిలో పెట్టాడు."

పడమట ఉరిమింది. ఆయన లేచి చెయ్యి చాపాడు. "నువ్వు కూడబలుక్కుని చదివేసరికి చేలో పంట మళ్ళీ పండుద్ది. ఇటియ్యి, రెండు పేజీలేగా, నేను చదివేస్తా. అయిపోంగానే లేవాలి."

చదివాడు. తువ్వాలు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు. చెక్క మీద ఒకరికే చోటుంది. జవాను నిద్రపోతున్నాడు. తాళంచెవి జవాను జేబులో ఉంది. దొంగ చెయ్యి చాపాడు. రెండో పేజీ అయిపోయింది. జైతున్‌బీ లేవబోయింది.

"కూర్చో" అని తాతయ్య పేజీ తిప్పాడు.

బయట విల్లు మోగడం ఆగిపోయింది. గుమ్మం పక్క గోడకు ఆనుకుని, దూది అంటుకున్న తల లోపలికి పెట్టి బుడే వింటున్నాడు. పందిరి మీద టపటపమంటూ చినుకులు మొదలయ్యాయి. మనవరాలిగా చెప్పాల్సిన బాధ్యత నాది కనుక, "తాతయ్యా, కాయ" అన్నాను.

"నోర్ముయ్యవే. తాళం తీస్తున్నాడు" అన్నాడు.

ఆ రోజు మూడు గోతాల కాయ తడిసి తాలైంది. అరవై ఒక్క ఏళ్ళ వయసులో మా తాతయ్య రెండోసారి గేదెల్ని వదిలేశాడు. ఈసారి కొట్టడానికి వాళ్ళ నాన్న లేడు.