కోట కిటికీలో రాణి

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చింది మొన్నమొన్ననే, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాక.

ఒకసారి సికింద్రాబాద్ నుంచి టూరిస్టు బస్సులో పాడుబడిన కోట, పెద్ద చర్చి, కుమ్మరుల ఊరు చూడటానికి వెళ్లాను. గైడ్ అంతా ఇంగ్లీషులోనే చెబుతున్నాడు. ఇంత దూరం వచ్చి ఉత్త రాళ్లు చూసి పోవాలా అనిపించింది. బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడను, "ఆయనేటంటన్నాడమ్మా?" అని అడిగాను.

ఆమె కూలిన గోడలో ఒక కిటికీ చూపించింది. "గా కిటికీల రాణి కూసునేదంట అక్కా. లడాయికి పోయిన రాజు వస్తడని రోజూ జడేసుకొని చూసేదంట."

"మరొచ్చాడా?"

"గది చెప్తలేడు."

చర్చిలో రంగుటద్దాల కింద నిలబడి, "గీ అద్దాలు అతికినాయన మల్ల ఇంటికి పోలేదంట. పెండ్లాం బువ్వ వండుకొని కూసున్నదంట," అంది.

కుమ్మరి మాత్రం తెలుగులోనే మాట్లాడాడు. ఆమెకిక పని లేకుండా పోయింది. తిరుగుతున్న సారెను చూస్తూ, "నాకు సుత ఇంగ్లీష్ రాదక్కా. నువ్వు పరేషాన్ అయితున్నవని నోటికొచ్చింది చెప్పిన," అంది.

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వులోనే, "మీ ఆయనెక్కడుంటారమ్మా?" అని అడిగాను.

"పనికని పోయిండు. వస్తడు," అంది సారె మీంచి చూపు తిప్పకుండా.

సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు దిగి ఆమె జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర పక్కింటావిడ ఏం చూశావని అడిగితే రాణి కథ చెప్పాను.

"మరి రాజు వచ్చిండా?" అంది.

"ఎందుకు రాడు! వచ్చేసాడు," అన్నాను.