రెండెడ్లకు కాళ్ళెన్ని?

ఈ ప్రయాణానికి కారణం ఒక ఇత్తడి ఏనుగు. పిడికిట్లో పట్టేంత ఉంటుంది, అంతే. మా వారు రోడ్లు, వంతెనల ఇంజనీరు. నిజాం కాలంలో కొలువులో చేరి, ఆంధ్రప్రదేశ్ వచ్చాక రిటైరయ్యారు. పదిహేనేళ్ళ కింద ఆసిఫాబాద్ అవతల రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీలు కట్టించే రోజుల్లో అంగడిలో ఆ ఏనుగును కొన్నారట. అప్పటినుంచి అది ఆయన బల్ల మీద నిలబడి, నక్షాలు గాలికి లేవకుండా కాపలా కాసింది. రిటైరైన మర్నాడు మా వారు తన స్కేళ్ళు, మూలమట్టాలు అన్నీ మూటగట్టి పాలిటెక్నిక్ చదివే మేనల్లుడికి ఇచ్చేశారు. "ఇగ జన్మల స్కేలు ముట్ట. చేతితోని బొమ్మలు గీస్త" అన్నారు. ఏదో ముచ్చట, నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాను.

పోలేదు. ఏడాదిపాటు రోజూ పొద్దున ఆ ఏనుగునే ముందు పెట్టుకుని గీయడం, సాయంత్రం దాన్ని చింపడం. ఆ చింపిన కాగితాలతో నేను పొయ్యి రాజేసేదాన్ని. చిత్రకళ వల్ల మా ఇంటికి కలిగిన లాభం అప్పటికి అదొక్కటే. ఇంతలో హైదరాబాద్ నుంచి ఒక కాంట్రాక్టరు ఉత్తరం వచ్చింది. దళసరి కాగితం మీద ఒకవైపు టైపు కొట్టి, కింద సంతకం. సలహాదారుగా రమ్మని, పాత జీతానికి రెట్టింపు ఇస్తామని, సోమవారంలోగా జవాబు రాయమని. నిజం చెప్పాలంటే, పోతే బాగుండునని నాకే అనిపించింది. జీతం కోసం కాదు. తన బొమ్మను తానే చింపుకునే మనిషిని రోజూ చూడటం నా వల్ల కాలేదు.

ఆ సంగతి ఆయనతోనే చెప్పాను. కాసేపు ఏనుగును అటూ ఇటూ జరిపి, "ఇగో, దీన్ని చేసే ఓజుల ఊరికి పోయొద్దాం. గీ మూడు దినాలల్ల నేను గీసిన ఒక్క బొమ్మనన్న ఎవరన్న అడిగి తీస్కుంటే ఇగ బొమ్మలే. లేకుంటే సోమారం జవాబు రాసి హైదరాబాద్ పోత. కానీ వాళ్ళంతట వాళ్ళే అడగాలె. నువ్వు బతిమాలి అంటగట్టేది లెక్కల రాదు" అన్నారు. ఒప్పుకున్నాను. ఉత్తరం మాత్రం నా సంచిలో పెట్టుకున్నాను. ఆయన దగ్గరుంటే దాని మీద కూడా ఏనుగును గీసి చింపేస్తారని భయం.

మాఘమాసం, శుక్రవారం. కరీంనగర్‌లో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఏడున్నరకు పెద్దపల్లిలో దిగాం. టికెట్టు మనిషికి రూపాయి. రైలు తొమ్మిదింటికి రావాల్సింది తొమ్మిదిన్నరకు వచ్చింది కాబట్టి స్టేషన్ బయట చాయ్ తాగే తీరిక దొరికింది. మూడో తరగతిలో ఆసిఫాబాద్ రోడ్డుకు చెరి రెండున్నర రూపాయలు. కిటికీ పక్కన చోటు పట్టుకోండి. రామగుండం దాటాక గోదావరి వస్తుంది. చలికాలం నీళ్ళు పాయలు పాయలుగా, మధ్యలో ఇసుక తెల్లగా మెరుస్తూ, కళ్ళు తిప్పుకోలేం. నేను నీళ్ళు చూస్తుంటే మా వారు మాత్రం పెదవులు కదుపుతూ వంతెన దిమ్మెలు లెక్కపెడుతున్నారు. "బొమ్మలేసేటోళ్ళు నది చూస్తరు గదా" అన్నాను. "అలవాటు" అని సిగ్గుపడ్డారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా!

మధ్యాహ్నం ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడే కాచుకుని ఉన్న బస్సులో గంటలోపే ఆసిఫాబాద్ చేరాం. బస్సు ఆగిన చోట ఒక ముసలి భాయి హోటల్ ఉంది. జొన్నరొట్టె, పప్పు, వెల్లుల్లి కారం పెట్టాడు. ఓజుల ఊరికి దారి అడిగితే, "కెరమెరి దారిల నాలుగు కోసులు సాబ్. గా లచ్చయ్య బండిల పోండ్రి. జర సుస్తుగ నడుస్తది గని ఫికర్ లేదు" అని చింతచెట్టు కింద నిలబడ్డ బండిని చూపించాడు. పోను రాను, మధ్యలో ఒక రోజు ఆగినందుకు కలిపి పది రూపాయలకు బేరం కుదిరింది.

లచ్చయ్యకు యాభై దాటి ఉంటాయి. బండి పైన తడికె గూడు, లోపల వరిగడ్డి, దాని మీద గొంగడి. కుడివైపు కట్టిన ఎద్దు పేరు తెల్లోడు, ఎడమవైపుది కర్రోడు. దారి పొడుగునా ఆయన మాతో కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడాడు. ముఖ్యంగా కర్రోడితో. పోయిన వానాకాలం బండి వాగులో దిగబడితే తెల్లోడు కూలబడ్డాడట, కర్రోడే మోకాళ్ళ మీద పాకి లాక్కొచ్చాడట. "వీడు లేకుంటే నేను గీ పొద్దు మీ ముందల లేనమ్మా" అన్నాడు. ఆ మాట చెప్తూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

రెండు కోసులు నడిచాక నీడ చూసి బండి ఆపాడు. ఎద్దుల్ని విప్పకముందే మా వారు దిగి, కాగితాల కట్ట తీసి, బండికి కుడిపక్కన కూర్చున్నారు. అరగంటలో గీశారు. నిజంగా బాగుంది. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా, నీడలు పడ్డ చోట నీడలు. తెల్లోడి మూపురం తాకితే కదిలేట్టుంది. ఇక అడుగుతాడనుకున్నాను. లచ్చయ్య దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సారూ, రెండెడ్లకు కాళ్ళెన్ని?"

"ఎనిమిది."

"ఇండ్ల ఐదే ఉన్నయ్."

మా వారు ఓపికగా చెప్పారు. "లచ్చయ్యా, నేను ఈ పక్కకెల్లి చూస్తున్న గదా. కర్రోడు తెల్లోని ఎనుక ఉన్నడు. నాకు కనబడలే."

"కనబడకుంటే లేనట్టేనా సారూ? వాడు గడ్డి తింటలేడా? బండి గుంజుతలేడా?" అన్నాడు లచ్చయ్య. కోపంగా కాదు, బాధగా. "అసలు బండి గుంజేదే వాడు. వాని మొకమే లేదాయె."

నాకు నవ్వొచ్చింది. గోదావరి దిమ్మెలన్నీ లెక్కపెట్టిన మనిషికి ఎద్దు కాళ్ళు తప్పాయి! కానీ మా వారి ముఖం చూసి ఆపుకున్నాను. ఆయన ఆ బొమ్మను నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత వాగు దాటేటప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి, కాగితాల కట్ట జారి నీళ్ళలో పడింది. ఆయన చెయ్యి చాపి ఉంటే అందేదే. చాపినట్టు నాకైతే కనబడలేదు. తడిసి ముద్దైన కట్టను లచ్చయ్య దిగి తెచ్చిచ్చాడు గానీ, అందులో ఒక్క కాగితం కూడా పనికొచ్చేట్టు లేదు. "జవాబు రేపే రాస్త" అన్నారు మా వారు. నా మాట నెగ్గినట్టే. సంతోషించాల్సిన దాన్ని, ఏడుపొచ్చింది.

పొద్దు గుంకకముందే ఊరు చేరాం. బడి వరండాలో పడుకోనిచ్చారు. వెళ్ళేవాళ్ళు దుప్పట్లు తీసుకుపోవాలి, గుట్టల చలి మామూలుగా ఉండదు. మర్నాడు పొద్దున లచ్చయ్య మమ్మల్ని సోంబాయి ఇంటికి తీసుకుపోయాడు. ఓజుల ఇంటి పెద్ద ముత్తైదువ ఆమె. వాకిట్లో కూర్చుని, తేనెమైనాన్ని చెక్క మీద దారంలా సాగదీస్తోంది. మట్టితో బొమ్మ చేసి, దాని చుట్టూ ఈ మైనపు దారాలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తుతారు. నిప్పుల్లో పెడితే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ. మామూలుగా ఐతే మా వారు మట్టి ఎంత, మైనం ఎంత, వేడి ఎంత అని వంద ప్రశ్నలు అడిగేవారు. ఆ రోజు ఏమీ అడగలేదు. మొహమాటంగా జేబులోంచి ఏనుగును తీసి ఆమె ముందు పెట్టారు, అంతే.

సోంబాయి దాన్ని చేతిలోకి తీసుకుని ముఖం చూడలేదు, తొండం చూడలేదు. నేరుగా తిరగేసి కడుపు చూసింది. "మా మామ చేసిండు బాయి" అంది నాతో, వచ్చీరాని తెలుగులో. "గిట్ల జడ అల్లినట్టు కడుపుకు ఏసేటోడు మామ ఒక్కడే."

మేమిద్దరం ఒంగి చూశాం. ఏనుగు కడుపు కింద సన్నని జడల వరుసలు, మధ్యలో ఒక పువ్వు. పదిహేనేళ్ళు బల్ల మీద ఉన్న ఏనుగు, ఏడాదిపాటు రోజూ గీసిన ఏనుగు. ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు మా వారు. నేనూ చూడలేదనుకోండి. నాకు మాత్రం గీయాల్సిన పని లేదు.

"కడుపు కింద ఎవరు చూస్తరు? గంత పనెందుకు?" అని అడిగారాయన.

సోంబాయి ఆయన్ని వింతగా చూసింది. "ఏనుగుకు కడుపు ఉన్నది గదా" అంది. మళ్ళీ మైనం సాగదీయడంలో పడింది.

మా వారు ఏనుగును మళ్ళీ తిరగేసి, ఆ జడల వరుసలను వేలితో తడిమారు. తర్వాత ఉన్నట్టుండి నా వైపు తిరిగారు. "ముప్పై ఏండ్లు నేను చేసింది గదేనే! వంతెన నక్షాల ఒక్క దిమ్మె దాస్తనా? పైనుంచి చూసింది, పక్కకెల్లి చూసింది, నడిమికి కోసినట్టు చూసింది, అన్నీ పక్కపక్కన గీస్త. కనబడేది కాదు, ఉన్నది గీస్త. గది బొమ్మ కాదనుకొని నేనే పారేసిన!" ఆ గొంతు నేను కొత్తగా పెళ్ళైనప్పుడు, ఆయన మొదటి మోరీ కట్టినప్పుడు విన్నాను. మళ్ళీ అదే వినడం. "కాయిదం! కాయిదమియ్యి జర!"

కాగితాలన్నీ వాగు పాలాయె. సోంబాయి ఇంట్లో కాగితం ఎక్కడిది? పంతులు ఊళ్ళో లేడట, బడికి తాళం. నా సంచిలో ఒకే ఒక్క కాగితం ఉంది. దళసరిది, వెనకవైపు తెల్లగా ఉన్నది. ఆయన దాని సంగతే మరిచిపోయినట్టున్నారు, నేను మరవలేదు. ఒక నిమిషం సంచి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. నెల నెలా వచ్చే జీతం గుర్తొచ్చింది, హైదరాబాద్‌లో ఇల్లు గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, అన్నీ గుర్తొచ్చాయి. ఉత్తరం తీసి, టైపు కొట్టిన వైపు కిందికి పెట్టి ఆయన చేతికిచ్చాను.

ఆయన తిప్పి చూశారు. నన్ను చూశారు. "పోస్టు కార్డు మీద గూడ జవాబు రాయొచ్చు, అక్కర లేదని" అన్నాను. స్కేలు లేదు కాబట్టి ఆయన నా చెక్కదువ్వెన తీసుకుని, దాని వీపు ఆనించి మొదటి గీత గీశారు.

మధ్యాహ్నం దాకా గీశారు. మధ్యలో బండి, పైనుంచి చూసినట్టు. చక్రాలు రెండూ విప్పి రెండు పక్కల పరిచినట్టు, లోపలి చెక్క ఆకులన్నిటితో సహా. తెల్లోడు ఒక పక్క, కర్రోడు ఇంకో పక్క, ఇద్దరికీ నాలుగేసి కాళ్ళు. గూడు లోపలి గొంగడి, గూడు బయట వేలాడే కందెన గొట్టం. చివరికి బండి కిందికి దూరి, ఇరుసును తడిమి వచ్చి అదీ గీశారు. బట్టలకంతా కందెన. ఉతకాల్సింది నేను.

లచ్చయ్యను పిలిచాం. వేలు పెట్టి ఒక్కో కాలు లెక్కపెట్టాడు. ఎనిమిది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. "కర్రోని ఎడమ కొమ్ము జర వంకర. గది గూడ ఏసిన్రు" అని మెల్లగా అన్నాడు. కాగితం పట్టుకుపోయి కర్రోడి ముఖం ముందు పెట్టి చూపించాడు. కర్రోడు వాసన చూసి తినబోయాడు. అప్పుడు తిరిగి వచ్చి, తలగుడ్డ సర్దుకుని అడిగాడు: "సారూ, గిది నాకిస్తరా?"

మా వారు తల ఊపారు.

లచ్చయ్య కాగితం తిప్పాడు. "ఎనుక ఇంగ్లీషుల ఏందో కొట్టి ఉన్నదమ్మా. పనికొచ్చే కాయిదమా?"

"కాదు లచ్చన్నా, చిత్తు కాయిదం" అన్నాను.

ఆదివారం ఇల్లు చేరాం, సోమవారం పోస్టు కార్డు వేశాం. మేనల్లుడిని బతిమాలి స్కేళ్ళు వెనక్కి తెచ్చుకున్నారు మా వారు. ఇప్పుడు మా ఇంట్లో చింపిన కాగితాలు లేవు, పొయ్యి రాజేయడానికి పుల్లలు ఏరుకుంటున్నాను. ఒక పని వదిలితే గానీ ఇంకో పని రాదనుకుని ఆయన ఏడాది పోగొట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు చేసిన పని చేతిలోంచి ఎక్కడికి పోతుంది? దాన్ని వెంటబెట్టుకునే పోవాలి. మొన్న నన్ను గీశారు. ముందు నుంచి, పక్క నుంచి, వెనక జడ కూడా. ఇన్నేళ్ళ కాపురంలో నా వెనక జడను ఎప్పుడు చూశారో నాకు తెలియదు. ఆ బొమ్మను మాత్రం ఎవరడిగినా ఇవ్వను.

మీరూ ఆ దారిన వెళితే ఒక్క మాట. కాగితాలు అనుకున్నదానికి రెట్టింపు తీసుకుపోండి, వాగులో పడకుండా మెడకు కట్టుకోండి. ఆసిఫాబాద్‌లో లచ్చయ్య బండి దొరికితే లోపల తడికెకు అంటించిన బొమ్మను చూడండి, కాళ్ళు లెక్కపెట్టండి. తిప్పి వెనక చదవాలని మాత్రం చూడకండి. అన్నం మెతుకులతో గట్టిగా అంటించాడు, ఊడదు.