సేవ్ చేసినవా బిడ్డా?

మా బిడ్డకు ఉద్యోగం వచ్చింది. ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇది మొట్టమొదట వినాల్సిన మనిషి వినకుండానే పోయారు. పోయిన శుక్రవారం కబురు తెలియగానే సంతోషం పట్టలేక మిఠాయి కోసం బజారుకు ఉరికాను. డబ్బా పట్టుకుని జహనుమాలో మా గల్లీ మలుపు తిరిగేసరికి పక్కింటి ముందు కుర్చీలు వేస్తున్నారు. దవాఖానాలో ఉన్న టైపు మాస్టర్ ఇక లేరని అక్కడే చెప్పారు. డబ్బాను కండువా కింద దాచుకుని నిలబడ్డాను.

మాస్టర్ సాబ్ మాకు చుట్టం కాదు. రెండిళ్లకు మధ్య ఒక్కటే గోడ, అంతే. ఒకప్పుడు పత్తర్‌గట్టి బజారు వెనక టైపు నేర్పేవారు. టైపు మిషన్ల కాలం పోయాక ఇంట్లోనే ముందు గదిలో పాత కంప్యూటర్ పెట్టుకుని అర్జీలు కొట్టి ఇచ్చేవారు. మా బిడ్డకు ఆయన చాచా, ఆయన భార్య చాచీ.

బిడ్డ డిగ్రీలో ఉండగా ప్రాజెక్టు కంప్యూటర్‌లో చేసి ఇవ్వమన్నారు. చుట్టాల పిల్లవాడు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది. అందులో రాసుకోవడానికీ, లెక్కల పట్టీలు వేసుకోవడానికీ కావాల్సిన ఆఫీసు సాఫ్ట్‌వేర్ లేదు. బస్సు డిపోలో నట్లు బిగించి బతికిన నాకు అదేమిటో ఏం తెలుసు? దుకాణానికి పోయి అడిగితే ఏటేటా డబ్బు కట్టాలన్నారు. నేను బేరమాడాను. పక్కనున్న ఒకడు చాటుకు పిలిచి చౌకగా వేసి పంపాడు. కొన్నాళ్లకే తెర మీద ఎర్ర పట్టీ వచ్చి, రాయడానికి వీల్లేకుండా బిగుసుకుపోయింది. ప్రాజెక్టు ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరని బిడ్డ ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు గోడ దాటింది.

మాస్టర్ సాబ్ లుంగీ మీదనే వచ్చారు.

"ఏంది లొల్లి, అన్నా?"

సంగతి చెప్పాను.

"బేరం చేసినవా? గాజులనుకున్నవా ఏంది?" అని నవ్వారు. "గది దొంగ మాల్. లోపల ఇంకేమేం దూరినయో ఎవరికెరుక. ఫికర్ చెయ్యకు బేటా. కొన్ని కాలేజీలు పిల్లలకు ఊరికెనే ఇస్తయి, ముందుగాల అడుగు. లేదంటే నేను చూస్త."

కాలేజీలో లేదన్నారు. మర్నాడు ఆయన ఆ దొంగ సరుకు తీసేసి, తాను వాడుకునేదే వేసి ఇచ్చారు. తయారుచేసినవాళ్లే అందరూ వాడుకోండని ఇచ్చారట, పైసా అక్కర్లేదట. నాకు నమ్మకం కుదరలేదు.

"ఊరికె వచ్చింది మంచిగ ఉంటదా సాబ్?"

"గల్లీ నల్లల నీళ్లు ఊరికెనే వస్తయి. తాగుతలేవా?"

కాలేజీ కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు చెదరకుండా పీడీఎఫ్ చేసి పంపడం కూడా ఆయనే నేర్పారు. ఒక్క బెంగ మిగిలింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చింది, కరెంటు పోతే రాసిందంతా పోతుంది. అందుకని ఫ్యాను కాస్త మెల్లగైతే చాలు, గోడ అవతలి నుంచి కేక వచ్చేది.

"సేవ్ చేసినవా బిడ్డా?"

"చేసిన చాచా."

ఇఫ్తార్‌కు ఖర్జూరం నోట్లో పెట్టుకుంటూ కూడా అడిగేవారు. చాచీ దెప్పేది: "అన్నం తిన్నవా అని నన్నొక్కనాడన్న గిట్ల అడిగినవా?" ఎప్పుడైనా మరచిపోయి రాసింది పోగొట్టుకుంటే బిడ్డను కోప్పడేవారు కాదు. "పాయె. మళ్ల రాయి. రెండోసారి ఇంక మంచిగొస్తది" అనేవారు. ఆ మాట పట్టుకునే మా బిడ్డ చదువు గట్టెక్కింది. ఉద్యోగం ఇచ్చినవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పరీక్షిస్తే తడుముకోకుండా కొట్టి ఇచ్చిందట.

దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు ఆయన నా చెయ్యి వదలలేదు.

"నౌకరి సంగతి తెల్వంగనే వచ్చి చెప్పు అన్నా. ఫోన్‌ల చెప్పకు. నీ మొహం చూడాలె."

ఆ శుక్రవారం ఆయన మొహం నేను చూశాను. నా మొహం ఆయన చూడలేదు.

వాళ్లింట పొయ్యి వెలిగించని ఆ మూడు రోజులూ మా ఇంటి నుంచే అన్నం, పప్పు పంపాము. మిఠాయి డబ్బా అటక మీదనే ఉండిపోయింది. ఆఖరు రోజు గిన్నె ఇవ్వబోతే పరదా వెనక నుంచి చాచీయే అడిగింది.

"బిడ్డ నౌకరి ఏమాయె అన్నా?"

చెప్పలేక చెప్పాను.

"మిఠాయి తేలేదా? తీస్కరా. ఆయన పేరు మీద పంచుత. మీ చుట్టాలందరికి చెప్పు, దాచిపెట్టకు."

ఇక చెప్పాలి. సంతోష్‌నగర్ పెద్దక్కకు చెవి వినపడదు, ఇంటికే పోవాలి. ల్యాప్‌టాప్ ఇచ్చిన బావమరిది కొడుక్కి చెప్పాలి. నల్గొండ చిన్నాయనకు, బిడ్డ మేనమామకు, ఒకరికి ముందు చెబితే ఇంకొకరు అలిగే మేనత్తలిద్దరికీ ఒకే పూట చెప్పాలి. నిన్న సాయంత్రం నేను ఈ పేర్లు చెబుతుంటే బిడ్డ టైపు కొడుతోంది. ఫ్యాను మెల్లగైంది. బిడ్డ వేళ్లు ఆగాయి. ఇద్దరం గోడ వైపు చూశాము. అవతల చాచీ గిన్నెలు కడుగుతున్న చప్పుడు కూడా ఆగింది.