గుమ్మడికాయ కొట్టేశాం!

ఒకే ఒక్క వాక్యంతో అరవై మందిని, నాలుగు వ్యాన్లను, ఒక జనరేటరును, ఒక కథానాయికను సముద్రతీరం నుంచి మాయం చేసిన వక్తను మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే విచారించకండి. ఆమె రాసిందే ఇప్పుడు చదువుతున్నారు.

కళాశాలలో మూడేళ్లపాటు డిబేట్ పోటీల్లో గెలిచినదాన్ని నేను. నేను మాట్లాడుతుంటే శ్రోతలు లేచి వెళ్లిపోవడం కొత్తేమీ కాదు. అయితే అప్పట్లో వాళ్లు నా మాట అర్థంకాక వెళ్లేవారు. భావనపాడు సముద్రతీరాన మాత్రం పూర్తిగా అర్థమయ్యే వెళ్లిపోయారు. నా మాట నాకొక్కదానికే అర్థం కాలేదు.

విజయనగరంలో డిగ్రీ ముగించి, ప్రపంచాన్ని ఏ ప్రశ్నతో మొదలుపెట్టి సరిచేయాలా అని ఆలోచిస్తున్న రోజులవి. మా అమ్మ తమ్ముడు సింహాచలం మావయ్య, బొబ్బిలి మనిషి, టీవీలో వచ్చే ఒక యాక్షన్ సీరియల్‌కు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసేవాడు. ఆయన నన్ను అందులో సహాయ దర్శకుల వరుసలో చిట్టచివర నిలబెట్టాడు. నాకొక అట్ట, ఒక కలం, ఒక మైకు ఇచ్చారు. అట్ట, కలం వరకు ఎవరికీ ఏ హానీ జరగలేదు.

భావనపాడులో తీస్తున్నది ఆ సీరియల్ చివరి భాగం. దొంగరవాణా ముఠా ఒకటి, పాశ్చాత్యుల్లా దెయ్యాల వేషాలు వేసుకుని, హాలోవీన్ విందు చేసుకుంటుంది. పోలీసు అధికారిణి అయిన కథానాయిక, కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయను తలకు తొడుక్కుని ఆ విందులోకి దూరుతుంది. అదీ కథ. నేను మొదటి రోజే చెయ్యెత్తాను.

"భావనపాడు దొంగలు హాలోవీన్ ఎందుకు జరుపుకుంటారు సార్?"

"విదేశాలతో వ్యాపారం చేసే దొంగలమ్మా వాళ్లు," అన్నాడు దర్శకుడు ఓపికగా.

"పలాస జీడిపప్పు వ్యాపారులు కూడా విదేశాలతో వ్యాపారం చేస్తారు. మరి వాళ్లెవరూ జరుపుకోవడం లేదే?"

దర్శకుడు మావయ్య వైపు చూశాడు. మావయ్య సముద్రం వైపు చూశాడు. సముద్రానికి చూసుకోవడానికి ఎవరూ లేక, అలలు కొట్టుకుంటూ ఊరుకుంది.

నన్ను అంతకంటే బాధించిన విషయం మరొకటుంది. అక్కడ లైట్లు మోసేవారి నుంచి కథానాయిక వరకు ఒక్కరూ ఆ కాయను దాని పేరుతో పిలవరు! "పంప్‌కిన్ తెండి, పంప్‌కిన్ జాగ్రత్త" అంటారే తప్ప అచ్చమైన తెలుగు పేరు నోట రానివ్వరు. పొందూరు ఖాదీ కుర్తా తొడుక్కుని భాషకు జరుగుతున్న అన్యాయాన్ని చూస్తూ ఎలా ఊరుకోను? మావయ్యను టీ బల్ల దగ్గర నిలదీశాను.

"మన గుమ్మాలకు దిష్టికి కట్టుకునేదాన్ని, మన ఇళ్లలో పులుసు పెట్టుకునేదాన్ని పంప్‌కిన్ అనడమేమిటి మావయ్యా?"

"ఒసే కల్యాణీ, సెట్టులో ఆ మాట అనకూడదే. ఆకరికి తప్ప..."

"ఎవరు పెట్టిన నియమం?"

"ఆనవాయితే! సినిమావోలకి ఆ మాటంటే..."

"ఆనవాయితీ అనేది అలవాటుకు పెట్టుకున్న గౌరవనామం మావయ్యా. అది కారణం కాజాలదు."

"నన్ను సెప్పనియ్యే తల్లీ! ఆ మాటంటే అర్తం ఏటంటే..."

"సమయం ముగిసింది!" అని టీ గ్లాసు మీద చెంచాతో గంట కొట్టాను.

మావయ్య రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ప్రత్యర్థి నమస్కరించి వేదిక దిగాడు కనుక ఆ పోటీని నా విజయాల్లో చేర్చుకున్నాను. పాఠకులారా, ఆయన ముగించని ఆ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మన కొంప ముంచబోయేది అదే.

ఇక పోలమ్మ సంగతి చెప్పాలి. భావనపాడులో చేపలమ్ముతుంది. ఆమె గొంతు అలల హోరును దాటి వినిపించడం చూసి దర్శకుడు ఒక చిన్న వేషం ఇచ్చాడు. తెల్లవారుజామున తీరం వెంట పారిపోతున్న కథానాయికకు చేపలగంపతో ఎదురుపడి, ఆ గుమ్మడికాయ తలను చూసి బెదరకుండా, "దెయ్యానివైతే నాకేటి? ముందర తోవ ఒగ్గు!" అనాలి. ఉన్నది ఆ ఒక్క మాటే. దానికోసం పోలమ్మ రెండు రోజులు బేరం మానుకుని, ఆ మాటను పడవలకు, కుక్కలకు, నాకు అప్పజెప్పింది.

"పాపా, మా తోటికోడలు ఏటన్నాదో తెల్సునా?" అంది నాతో. "నీ మొకం టీవీలో వస్తాదేటే, వస్తే నాను గుండు సేయించుకుంతాను అన్నాది. ఈదంతా ఇన్నారు. ఈయేల నా మాట తియ్యకపోతే మరి నాను ఆ ఈదిలో తలెత్తుకోనేను."

"ఎందుకు తీయరు? ఆ బాధ్యత నాది," అన్నాను, తీర్మానం ప్రవేశపెట్టినంత గంభీరంగా.

అది చివరి రోజు. మిగిలినవి రెండే షాట్లు. మొదటిది, ఐసు షెడ్డు చుట్టూ నల్లగుడ్డలు కట్టి పట్టపగలే సృష్టించిన చీకట్లో, వజ్రాలు దాచిన గుమ్మడికాయను కథానాయిక కర్రతో పగలగొట్టడం. రెండోది పోలమ్మది. సాయంత్రపు వెలుగునే తెల్లవారుజాము అని ప్రేక్షకులను నమ్మించాలి కనుక, సూర్యుడు సరుగుడు తోటల వెనక్కి దిగేలోపు ముగించాలి. ఆ తరువాత కథానాయిక విమానానికి వెళ్లిపోతుంది.

మొదటి షాట్ ఒక్క దెబ్బకే అయిపోయింది. కాయ బద్దలైంది, గాజు వజ్రాలు దొర్లాయి, దర్శకుడు "ఓకే!" అని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెరమీద ఆ దెబ్బనే మళ్లీ చూసుకోవడంలో మునిగాడు. షాట్ పూర్తయిందని బయట నిశ్శబ్దంగా నిలబడ్డవారికి చెప్పడం నా విధి. మైకు తీశాను. నా ముందు రెండు మార్గాలున్నాయి: పంప్‌కిన్, తెలుగు. నేను తెలుగును ఎంచుకున్నాను.

"అందరికీ మనవి! గుమ్మడికాయ కొట్టేశాం! ఇంతవరకు సహకరించిన మీ అందరికీ ధన్యవాదాలు!"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపైన చప్పట్లు! ఈలలు! ఒక్క తెలుగు మాటకు జనం ఇంతగా మొహం వాచి ఉన్నారా అని నా గుండె ఉప్పొంగింది. మేకప్ ఆవిడ వచ్చి నన్ను కౌగిలించుకుని, "మళ్లీ ఎప్పుడు కలుస్తామో ఏమో!" అని కళ్లు తుడుచుకుంది. నా ఉచ్చారణకు చలించిపోయిందనుకున్నాను. ఎవరో మిఠాయి పెట్టారు. మాతృభాషకు జరుగుతున్న సత్కారంగా స్వీకరించి నమిలాను.

తరువాత నేలమీద చెల్లాచెదురైన గాజు వజ్రాలు ఏరుతుండగా లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. తడుముకుంటూ బయటికి వచ్చాను.

వ్యాన్లు లేవు. జనరేటరు లేదు. టీ బల్ల కూడా లేదు. కొద్దిసేపటి క్రితం తిరునాళ్లలా ఉన్న చోట ఇసుక, చక్రాల జాడలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ మిగిలాయి. కుర్చీలో చేపలగంప ఒళ్లో పెట్టుకుని పోలమ్మ కూర్చుని ఉంది.

"పాపా, అందరూ అలగెలిపోనారేటి? సేతులూపుకుంటా ఆ హీరోయినమ్మ కూడా కారెక్కీసినాది. నా మాట ఎప్పుడు తీస్తారు?"

ఇంతలో, లెక్కలు తేల్చడానికి ఊళ్లోకి వెళ్లిన మావయ్య లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఎవులే మైకులో ఆ మాటన్నది?"

"ఏ మాట?"

"గుమ్మడికాయ కొట్టీసినామని!"

"కొట్టాం కదా మావయ్యా! నా కళ్లారా చూశాను!"

"ఒసే నీ సదువు మీద నిప్పులడ! సినిమావోలు షూటింగ్ మొదలెట్టినప్పుడు కొబ్బరికాయ కొడతారు, మొత్తం అయిపోనాక గుమ్మడికాయ కొడతారే! గుమ్మడికాయ కొట్టీసినామంటే షూటింగ్ అయిపోనాది, ఇంక ఇళ్లకి పొండర్రా అని! ఆ బయానికే గదా ఎవులూ ఆ మాటెత్తనిది! నాను అదే సెప్పబోతే గంట కొట్టీసినావు!"

కాళ్ల కింద ఇసుక నన్నొక్కదాన్నే ఎంచుకుని కుంగినట్టనిపించింది. సినిమా వార్తలు చదవడం ఆలోచనాపరులకు తగదని ఇన్నేళ్లూ ఆ పేజీలను ముట్టుకోకుండా మడిచేశాను. తెలుగునాట టీకొట్టులో కూర్చున్న ప్రతివారికీ తెలిసిన ముక్క, తెలుగును రక్షించడానికి బయలుదేరిన నాకు తెలియదు!

కథానాయిక ఫోను మోగలేదు. వ్యాన్లవారి ఫోన్లు మోగాయి గాని, సంబరంలో ఎవరూ ఎత్తలేదు. కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వచ్చిన దర్శకుడు తీరాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, పోలమ్మ లేచి ఇచ్చిన కుర్చీలో కూలబడ్డాడు. "ఆ సీను ఎత్తేద్దాం," అన్నాడు మెల్లగా.

పోలమ్మ గొంతు మొదటిసారి అలలకంటే చిన్నదైపోయింది. "అయితే నా మాట తియ్యనట్టేనా బాబూ?"

సూర్యుడు సరుగుడు చెట్ల కొసలను తాకుతున్నాడు. అప్పుడు, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారిగా, పనికొచ్చే ప్రశ్న ఒకటి అడిగాను.

"సార్, ఆ షాట్‌లో కథానాయిక ముఖం కనిపించదు కదా? తలమీద కాయ ఉంటుంది కదా?"

దర్శకుడు తలెత్తి నన్ను పైనుంచి కిందికి కొలిచాడు. "ఎత్తు సరిపోతుంది," అన్నాడు.

కథానాయిక తొడుక్కునే థర్మాకోల్ తల దుస్తుల వ్యానులో వెళ్లిపోయింది. మిగిలింది, దెబ్బ తప్పితే మళ్లీ కొట్టడానికని దాచిన అసలు గుమ్మడికాయ. మావయ్య కత్తితో దాని లోపల హడావిడిగా తొలిచి, కళ్లూ పళ్లూ చెక్కాడు. ఆయన మొహంలో అంతటి ఆనందం నేను మా పిన్ని పెళ్లిలో కూడా చూడలేదు. తొలిచిన కాయను నా తలమీద బోర్లించి, ఎందుకైనా మంచిదని ఒక్క మొట్టు మొట్టాడు. చెవుల్లో పీచు, ముక్కులో పచ్చివాసన, ఖాదీ కుర్తా మీద గుజ్జు. చెక్కిన కళ్లు నా నుదుటి మీద ఉన్నాయి కనుక నాకు కనిపించేది గింజలు మాత్రమే.

"యాక్షన్!"

నాలుగడుగులు పరుగెత్తి గంపకు తగిలి ఆగాను.

"దెయ్యానివైతే నాకేటి? ముందర తోవ ఒగ్గు!" ఖంగుమంది పోలమ్మ గొంతు. అద్భుతం! నేను పక్కకు తప్పుకోవాలి. ఏది పక్కో తెలియక అలాగే నిలబడ్డాను. పోలమ్మ ఆగలేదు.

"ఏటే, ఇనబడనేదా? నోరున్నాది గదాని వాగీసి ఊరంతటినీ పంపీసినావు గదే! పెద్దోలు సెప్తన్నప్పుడు ఆకరిదాకా ఇనాలని నీ సదువులో సెప్పనేదేటి? ఇప్పుడు కాయలో తల దూర్సుకుని నిలబడితే వొదిలేస్తానేటి? సెప్పు! మాటాడు!"

ప్రతివాదన మొదలుపెట్టడానికి నోరు తెరిచాను. గింజలు పడ్డాయి. మూడేళ్ల విజయాల చరిత్రలో మొదటిసారి నాకు జవాబు దొరకలేదు, దొరికినా బయటికి వచ్చే దారి లేదు. ఆ క్షణంలోనే గంప గాలిలో లేచింది.

థడ్!

కాయ నిలువునా రెండుగా చీలి, నా రెండు భుజాల మీద చెరొక చెక్క నిలిచింది. మధ్యలోంచి నా ముఖం, నాలుకమీద ఒక గింజతో, అస్తమిస్తున్న సూర్యుణ్ణి చూసింది.

"కట్! ఓకే!" అని దర్శకుడు లేచాడు. నా మెడలో వేలాడుతున్న మైకును అందుకుని, మావయ్యకు, పోలమ్మకు, కెమెరా అతనికి, ఒక పీతకు వినపడేలా ప్రకటించాడు. "గుమ్మడికాయ కొట్టేశాం. ధన్యవాదాలు."

ఆ భాగం టీవీలో వచ్చింది. కాయ పగిలేవరకు ఉంచారు. పోలమ్మ తిట్లలో ఒక్క అక్షరం కోయలేదు. తోటికోడలి జుత్తు ఇంకా తలమీదే ఉందట గాని, పోలమ్మ ఎదురైతే కొంగు కప్పుకుని పక్కసందులోకి తిరుగుతుందట. మా కళాశాల డిబేట్ సంఘం వారు కొత్తగా చేరినవారికి ఆ దృశ్యం చూపించి, "ప్రత్యర్థి నోరు మూయించడం ఎలా?" అనే పాఠం చెబుతున్నారని తెలిసింది.

కాబట్టి, గౌరవనీయ పాఠకుల సభ ఎదుట నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎదుటివారి వాక్యం ముగియకముందే గంట కొట్టను. ఆనవాయితీకి కారణం అడుగుతాను, అయితే చెప్పేదాకా ఆగుతాను. చేతిలో మైకు ఉండగా ఆ కూరగాయ పేరు ప్రాణం పోయినా పలకను. తప్పనిసరి పరిస్థితే వస్తే, నా భాషాభిమానమంతటినీ సాక్షిగా పెట్టుకుని, తలవంచి, పంప్‌కిన్ అంటాను.