శనివారం మాత్ర

మా పక్కింటి రజిని ఎవరి మాటా తీసిపారేసే మనిషి కాదు. ఆ గుణమే ఆమె కొంప ముంచింది.

వరికుంటపాడు దగ్గర మా ఊళ్లో వాళ్లది గొర్రెల ఇల్లు. మొగుడు కోటేశ్వర్ కోతలయ్యాక మందను తోలుకుని సంగం వైపు పొలాలకు వెళ్తే వానలు పడేదాకా రాడు. ఇంట్లో రజిని, అత్త రాఘవమ్మ. ఎన్నాళ్లకో నిలిచిన మొదటి కడుపు పోయాక రజిని మొహం ఉబ్బింది, జుట్టు ఊడింది. దొడ్డి ఊడుస్తూనే కూలబడి నిద్రపోయేది. సోమరిపోతు అంది ఊరు. ఊరికేం, ఏదో ఒకటి అంటుంది. రాఘవమ్మ మాత్రం కోడల్ని బస్సెక్కించి ఆత్మకూరు తీసుకెళ్లింది. థైరాయిడ్ సరిగా పనిచెయ్యడం లేదని తేల్చిన డాక్టరమ్మ మాత్ర రాసి, "పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సరిగా పనిచెయ్యదు" అని గట్టిగా చెప్పింది.

రజిని అలాగే వేసుకుంది, శనివారాలు తప్ప. బిడ్డ కోసం పెంచలకోన నరసింహస్వామికి అత్త మొక్కించిన ఒక్కపొద్దు అది. పూజయ్యేదాకా మంచినీళ్లయినా ముట్టకూడదు. మాత్ర మింగితే ఎంగిలిపడినట్టే. పూజయ్యాక మొదట ప్రసాదమే నోట్లో పడాలి, అది తింటే ఇక పరగడుపు కాదు. అందుకని ఆ రోజుకు మాత్ర మానేసేది. పాపం, దేవుడి మాటా దాటలేదు, డాక్టరమ్మ మాటా దాటలేదు.

మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డయినా నిలవాలని సోమవారం, శుక్రవారం కూడా ఒక్కపొద్దు పట్టింది. భయం పెరిగినకొద్దీ మాత్రలు తగ్గాయి. రక్తపరీక్షలో థైరాయిడ్ అదుపులోకి రాలేదని డాక్టరమ్మ డోసు పెంచింది. మళ్లీ పరీక్ష, మళ్లీ పెంచింది.

"రోజూ వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటుండాను మేడమ్."

అబద్ధం ఆడాలని కాదు. ఒక్కపొద్దు రోజు మాత్ర మానడం ఆమెకు మానడంగానే తోచలేదు. దేవుణ్ని నేనేమీ అనను. ఆ ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకున్న డాక్టరమ్మ మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

ఐదో నెలలో ఆ కడుపూ పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో నర్సు రెబెకమ్మ మాత్ర, నీళ్లు అందిస్తే రజిని తల తిప్పుకుంది.

"వద్దక్కా. ఈరోజు శనివారం. ఒక్కపొద్దుండాను."

"ఈ ఒంటితో ఒక్కపొద్దేంది తల్లీ? శనివారాలు మాత్ర ఏసుకోవా?"

"సోమవారం, శుక్రవారం గూడా ఏసుకోను."

రెబెకమ్మ వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. సంగతి విని ఆవిడ మంచం పక్కన కూర్చుండిపోయింది.

"మందు చాలడం లేదనుకుని డోసు పెంచుతూ పోయానమ్మా. వారంలో మూడు రోజులు ఒంట్లోకి పోవడమే లేదని నాకు తెలియలేదు. బిడ్డ ఇందువల్లే పోయిందని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

గుమ్మంలో నిలబడ్డ రాఘవమ్మ అంతా విన్నది. మొక్కుకోమన్నది తనే మరి.

డాక్టరమ్మ డోసు తగ్గించి, ఒక్కరోజూ మానకుండా వేసుకుని నెలన్నర తరువాత పరీక్షకు రమ్మంది. అప్పుడుగానీ అసలు ఎంత డోసు కావాలో తేలదట. మాత్ర మాత్రం బతికున్నన్నాళ్లూ తప్పదట.

తరువాతి శనివారం పొద్దున్నే రజినిని చూసొద్దామని వెళ్లాను. రాఘవమ్మ ఇంకా స్నానం చెయ్యలేదు, దీపం పెట్టలేదు. చెంబుతో నీళ్లు, అరచేతిలో మాత్ర పట్టుకుని కోడలి మంచం దగ్గర నిలబడింది. ఆ ఇంట్లో అలాంటి శనివారం నేనెప్పుడూ చూడలేదు. రజిని గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

"ఇంకెందుకత్తా? కడుపులో ఎవురుండారని?"

రాఘవమ్మ మంచం అంచున కూర్చుని మాత్ర ముందుకు చాచింది.

"నువ్వుండావు గదమ్మా నాకు."

రజిని లేచి కూర్చుంది. ఏడుస్తూనే నోరు తెరిచింది.